లెక్కలో లేని ఆరు ఆదివారాలు

భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు రోజు శనివారం దాకా లెక్కపెడితే 46 రోజులు వస్తాయి. 2026లో అయితే ఫిబ్రవరి 18 నుంచి ఏప్రిల్ 4 వరకు. ఈస్టర్‌కి ముందు ఉపవాస ప్రార్థనలతో గడిపే ఈ లెంట్‌ని మనం మాత్రం 40 రోజుల శ్రమకాలం అంటాం. మిగిలిన ఆరు రోజులూ ఆదివారాలు. వాటిని క్రైస్తవ సంఘం ఉపవాసపు లెక్కలో వేయలేదు. పొరపాటున వదిలేసింది కాదు, కావాలనే వదిలేసింది. ఆదివారం ప్రభువు సమాధి గెలిచి లేచిన రోజు. ఏడాదిలో ఏ కాలం నడుస్తున్నా సరే, ఆ రోజు పస్తుండే రోజు కాదని మొదటి తరాల క్రైస్తవులు గట్టిగా పట్టుబట్టారు.

ఈ సంగతి సండే స్కూల్ పిల్లలకు కూడా చెబుతాం. కానీ గుంటూరులో శ్రమకాలంలో ఏ ఆదివారం ఆరాధనకి వెళ్ళినా ఇది ఎక్కడా కనిపించదు. అదే నా బాధ.

ముందే ఒక మాట చెప్పాలి. నాకు శ్రమకాలమంటే ప్రాణం. బలిపీఠం మీద ఊదారంగు వస్త్రం పరిచిన రోజు నుంచి గుడి వేరేలా ఉంటుంది. పూలు తగ్గుతాయి. మా అమ్మ ఆ నలభై రోజులూ తలలో పూలు పెట్టుకునేది కాదు, ఇంట్లో నీచు వండేది కాదు. పెళ్ళిళ్ళ మాట ఎత్తేవాళ్ళు కాదు. సాయంత్రం పూట ఇంటింటికీ లెంట్ కూటాలు, శుక్రవారం ఉపవాస ప్రార్థన, మట్టల ఆదివారం పిల్లల హోసన్నా కేకలు, గుడ్ ఫ్రైడే నాడు పన్నెండు గంటల నుంచి మూడింటి దాకా సిలువలో పలికిన ఏడు మాటల మీద ఏడుగురి ప్రసంగాలు. మండే ఎండలో, ఫ్యాన్లు కూడా వేడిగాలే విసురుతున్న ఆ మూడు గంటలూ ఎవరూ లేచి వెళ్ళరు. ఆ శ్రద్ధ మన సంఘాలకున్న పెద్ద ఆస్తి. దాన్ని తగ్గించమని నేనెప్పుడూ అనను.

నేను అడిగేది ఆదివారం గురించి. మొదటి ఆదివారం నుంచే మనం యేసుని సిలువ వేసిన గొల్గొతాకి వెళ్ళిపోతాం. పాటలన్నీ శ్రమల కీర్తనలే. ప్రసంగమంతా మేకులు, ముళ్ళ కిరీటం, మన పాపాల వల్లే ఇదంతా అన్న మాట. బుధవారం కూటంలో విన్నదే శుక్రవారం, శుక్రవారం విన్నదే ఆదివారం. పొద్దున్నుంచి ఏమీ తినకుండా వచ్చినవాళ్ళు అలాగే నీరసంగా ఇళ్ళకి వెళ్తారు. ఆదివారం మరో శుక్రవారం అయిపోయింది.

దీనివల్ల ఎవరికి నష్టం? జీతం వచ్చేవాళ్ళకి పెద్దగా లేదు. నష్టపోయేది ఉపవాసం ఉండలేనివాళ్ళు.

గుంటూరు సంఘాల గురించి మాట్లాడుతూ మిరపకాయ మాట ఎత్తకపోతే అది ఇక్కడి శ్రమకాలం కాదు. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలలు ఇక్కడ మిర్చి సీజన్. పల్నాడు వైపు పొలాల్లో కోతలు, కల్లాల్లో ఎర్రగా ఆరబోతలు, ఆసియాలోనే పెద్దదని పేరున్న మన మిర్చి యార్డుకి టిక్కీల (బస్తాల) మీద టిక్కీలు. శ్రమకాలం ఎప్పుడు మొదలైనా సరిగ్గా ఈ సీజన్ నడుమనే పడుతుంది. కోత కూలీలు తెల్లారకముందే ఆటోల్లో, ట్రాలీల్లో బయలుదేరతారు. టౌన్లో ఉన్న ఆడవాళ్ళు ముచ్చికలు తీయడానికి, తాలుకాయలు ఏరడానికి వెళ్తారు. రోజంతా ఆ ఘాటులో కూర్చుంటే గొంతు పట్టేస్తుంది, దగ్గు ఆగదు. చేతుల మంట ఎన్నిసార్లు కడిగినా తగ్గదు, రాత్రి చంటిబిడ్డని ఎత్తుకోవాలన్నా భయమే. కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలకి కుటుంబాలే పిల్లల బడి మాన్పించి మరీ ఇక్కడి కోతలకు వలస వస్తాయి. పొలం గట్టు పక్కన పట్టాలతో గుడారం వేసుకుని నెలల తరబడి ఉంటాయి. వాళ్ళలోనూ విశ్వాసులున్నారు. ఆదివారం పక్క ఊళ్ళో గుడి ఎక్కడుందో అడిగి వెతుక్కుంటూ వస్తారు.

వీళ్ళని మనం ఉపవాసం ఉండమంటున్నాం.

మా ఊళ్ళోనే ఒక గుడిలో, శ్రమకాలపు ఆదివారం ప్రసంగం మధ్యలో, "మొదటి రోజు నుంచీ ఉపవాసం తప్పనివాళ్ళు లేచి నిలబడండి, మీకోసం ప్రత్యేక ప్రార్థన చేస్తాను" అన్నారు. చాలామంది లేచారు. నాకు తెలిసినవాళ్ళే, టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, రిటైరైనవాళ్ళు. మనసారా చేసినవాళ్ళే, వాళ్ళని తప్పుపట్టను. చాపల మీద కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది లేవలేదు. ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటూ ఒకామె పక్కనున్న పెద్దావిడతో అంటోంది: "ఒక్కపూట తినకపోతే కళ్ళు తిరిగి పడతానక్కా. మేస్త్రి రేపట్నుంచి రావొద్దంటాడు. దేవుడికి తెలీదా?"

దేవుడికి తెలుసు. సంఘానికి కూడా తెలిసిన సంగతే ఇది, ఎప్పటి నుంచో. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ అనే వేదాంతి ఉపవాస నియమాల గురించి రాస్తూ, బతకడానికి తప్పనిసరైన పని ఉండి, ఉపవాసంతో ఆ పని సాగనప్పుడు ఆ మనిషి మీద ఉపవాస భారం లేదని వివరించాడు. కూలి పని చేసేవాళ్ళ ప్రస్తావన తీసుకొచ్చి మరీ ఆలోచించాడు. అంత పాత సంగతి మన పల్పిట్ దాకా ఎందుకు రాలేదో నాకు అర్థం కాదు.

పైగా మనవి ఎవరి సంఘాలు? 1842 జులై 31న లూథరన్ మిషనరీ హెయర్ దొరగారు గుంటూరులో అడుగుపెట్టిన నాటి నుంచి, 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి ఏర్పడి ఇప్పటి దాకా, ఈ ప్రాంతపు లూథరన్ సంఘాలు ఎక్కువగా పెరిగింది మాల, మాదిగ పల్లెల్లో, పొలం కూలి మీద బతికిన ఇళ్ళలో. పక్కనే ఒంగోలు బాప్టిస్టుల చరిత్ర చూడండి. 1876–78 కరువులో బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి పని ఇచ్చాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు నడిచినన్నాళ్ళూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. 1878 జులైలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంటే ఆ జనం యేసుని తెలుసుకున్నది ఆకలి మధ్యలో. ఆకలి వాళ్ళు ఎంచుకున్న భక్తి కాదు, వాళ్ళ మీద పడిన కష్టం. అలాంటివాళ్ళ మనవలు, మునిమనవలు ఉన్న సంఘంలో పస్తు ఉండటాన్ని భక్తికి కొలతగా పెట్టడం నాకు మింగుడుపడదు.

సరే, ఆరు రోజులు ఉండగలిగినవాళ్ళు ఉండండి. నేనూ ఉంటాను. ఆదివారం మాత్రం తిందాం, అందరం కలిసి. ఇదేమీ నేను కొత్తగా పుట్టించిన మాట కాదు. మూడో శతాబ్దం మొదట్లో కార్తేజిలో తెర్తుల్లియన్ అనే క్రైస్తవ రచయిత, ఆదివారం ఉపవాసం ఉండటం గానీ, ఆరాధనలో మోకరించడం గానీ తగదని మేం భావిస్తామని రాశాడు. 325లో సంఘ పెద్దలు కూడిన నైసియా సభ తన చివరి నియమంలో, ఆదివారాల్లో నిలబడే ప్రార్థించాలని తీర్మానించింది. విశ్వాస ప్రమాణం మనకిచ్చిన సభ అదే. దాని ఐదో నియమంలో ఈస్టర్‌కి ముందుండే నలభై రోజుల ప్రస్తావన కూడా ఉంది. అంటే ఒకే సభలో కూర్చున్న పెద్దలకి రెండూ తెలుసు: నలభై రోజుల తగ్గింపు, ఆదివారం నిలబడే ధైర్యం. ఒకదాన్ని ఇంకొకటి మింగకూడదని వాళ్ళకి అర్థమైంది.

తర్వాత రోమాలో గ్రెగరీ పోపు కాలానికి ఆరు వారాల్లోంచి ఆరు ఆదివారాలు తీసేసి 36 ఉపవాస దినాలు లెక్కకట్టారు. ఏడాదిలో దాదాపు పదో వంతు, దేవుడికి దశమభాగంలాగా అన్నాడాయన. నలభై పూర్తి చేయడానికి ముందు నాలుగు రోజులు కలిపింది ఆ తర్వాతే. అలా మొదటి రోజు బుధవారానికి జరిగింది. ఇక్కడ నాకు ఎంతో నచ్చిన సంగతి ఒకటుంది. లెక్క తక్కువైనప్పుడు వాళ్ళు ఆదివారాల్ని కలిపేసి సరిపెట్టుకోలేదు. ఇంకో నాలుగు మామూలు రోజులు వెతుక్కున్నారు గానీ ఆదివారాన్ని ముట్టుకోలేదు.

మన కథోలిక స్నేహితులు ఈ తేడాని మనకంటే బాగా కాపాడుకున్నారు. విజయవాడలో ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మాత తిరునాళ్ళు అయ్యాక మరీ ఎక్కువ రోజులు పట్టకుండానే చాలా ఏళ్ళలో విభూది బుధవారం (మన భస్మ బుధవారమే) వచ్చేస్తుంది. శుక్రవారాలు పద్నాలుగు స్థలాల సిలువ మార్గం. ఆదివారం మాత్రం పూజ, దివ్యసత్ప్రసాదం. అల్లెలూయ పాడరు, ఊదారంగు తీయరు, అయినా ప్రభువు బల్ల దగ్గర అందరికీ ఆహారం ఉంటుంది. నాలుగో ఆదివారం గురువులు గులాబీ రంగు వస్త్రాలు వేసుకోవచ్చు, ఆనందించండి అని ఆ రోజు పూజ మొదలవుతుంది. శ్రమకాలం సగం దాటిందని జనానికి ఊరట.

2025లో శ్రమకాలం, రంజాన్ ఒకే వారంలో మొదలయ్యాయి. గుంటూరులో ఉండేవాళ్ళకి చెప్పక్కర్లేదు, ముస్లిం వీధుల్లో పొద్దుగూకే వేళకి ఎలా ఉంటుందో. పగలంతా నీళ్ళు కూడా ముట్టని మనుషులు ఖర్జూరం చేతిలో పెట్టుకుని అజాన్ కోసం ఎదురుచూస్తారు. పక్కన ఎవరున్నా పిలిచి ఇస్తారు. ఉపవాసం విడవడం కూడా వాళ్ళకి ఇబాదత్తే (ఆరాధనే), ఒంటరిగా కానిచ్చేసే పని కాదు. ప్రయాణంలో ఉన్నవాళ్ళకి, జబ్బుపడినవాళ్ళకి మినహాయింపు వాళ్ళ గ్రంథంలోనే ఉంది. మనకీ ఉపవాసం విడిచే రోజు ఉంది, వారానికోసారి, దాని పేరు ఆదివారం. అది ఉందన్న ఎరుకే మనకి తగ్గిపోయింది.

ఆదివారం చదివే సువార్తలు చూడండి. మూడేళ్ళ పాఠాల క్రమంలో మొదటి ఏడాదికి వచ్చే శ్రమకాలపు వచనాలు నాకు కంఠతా వచ్చు. మొదటి ఆదివారం అరణ్యంలో శోధన. తర్వాత వారాల్లో సమరయ స్త్రీ, పుట్టుగుడ్డివాడు, లాజరు. నీళ్ళు, చూపు, ప్రాణం. ఎందుకిలా అంటే ఈ కాలం మొదట్లో ఈస్టర్ రాత్రి బాప్తిస్మం తీసుకోబోయేవాళ్ళని సిద్ధం చేసే కాలం. వాళ్ళకి ప్రతి ఆదివారం ఒక్కో వరం చూపించేవాళ్ళు. సమరయ స్త్రీ మిట్టమధ్యాహ్నం ఒంటరిగా బావి దగ్గరికి వచ్చింది. యేసు ఆమెని ముందు ఉపవాసం ఉన్నావా అని అడగలేదు. దాహమేస్తోంది, నీళ్ళిమ్మన్నాడు. మిర్చి కల్లంలో మధ్యాహ్నం పన్నెండింటికి ప్లాస్టిక్ బిందె కోసం చెయ్యి చాపే ఆడమనిషికి ఈ కథ అర్థమైనంతగా నాకు అర్థం కాదు. ఆ కథ చదివిన ఆదివారం కూడా మనం మేకుల గురించే ప్రసంగిస్తే వచ్చినామెకి నీళ్ళివ్వకుండా పంపినట్టే.

ఇప్పుడు కాస్త గట్టి మాట. యెషయా 58వ అధ్యాయం భస్మ బుధవారం చాలా గుళ్ళలో చదువుతారు. అందులో దేవుడి కోపం ఉపవాసం మానేసినవాళ్ళ మీద కాదు, ఉపవాసం ఉంటూనే పనివాళ్ళ చేత కఠినంగా పని చేయించుకునేవాళ్ళ మీద. మన సంఘాల్లో కూలీలే కాదు, పొలాలున్నవాళ్ళున్నారు, మిర్చి ఏజెంట్లున్నారు, కోల్డ్ స్టోరేజీల్లో పెత్తనం చేసేవాళ్ళున్నారు. బుధవారం ఉపవాసం, శుక్రవారం ఉపవాసం, ఆదివారం పొద్దున తను గుడిలో, తన కూలీలు కల్లంలో. ద్వితీయోపదేశకాండం ఐదో అధ్యాయంలో విశ్రాంతి దినపు ఆజ్ఞ చూడండి: నీవలె నీ దాసుడూ దాసీ విశ్రమించాలి అని ఉంది. శ్రమకాలంలో ఆదివారాలు ఒక్కపూట కూలి కోయకుండా సెలవిస్తే, నా దృష్టిలో నలభై రోజుల ఉపవాసం కంటే అది దేవుడికి దగ్గర. సీజన్లో కుదరదంటారు, కాయ పాడవుతుందంటారు, వాన పడుతుందేమోనని టెన్షన్ అంటారు. ఉపవాసం కూడా కుదరనిదే కదా, అయినా దేవుడి కోసం కుదుర్చుకుంటున్నాం.

ఇక అయ్యగార్లు, సంఘ పెద్దలు నాతో అనే మాటలు ఉన్నాయి. ప్రతి ఆదివారం పండుగ చేస్తే శ్రమకాలపు గంభీరత పోతుందన్నారు ఒకరు. నేను డప్పులు, డెకరేషన్ అడగడం లేదు. ఊదారంగు ఉండనివ్వండి, హల్లెలూయ ఈస్టర్ దాకా దాచుకుందాం, పాప ఒప్పుకోలు ఇంకాస్త నిదానంగా, మధ్యలో మౌనం ఉండేలా చేద్దాం. ఆ ఒప్పుకోలు తర్వాత వచ్చే క్షమాపణ మాట మాత్రం గొణిగినట్టు కాకుండా, వినిపించేలా చెబుదాం. గంభీరత అంటే దిగులు మొహం కాదని ప్రభువే చెప్పాడు, తల అంటుకుని మొహం కడుక్కోమన్నాడు.

ఇక బల్ల ఆరాధన, అంటే ప్రభువు రొట్టె, ద్రాక్షరసం పంచుకునే సంస్కారం సంగతి. మన గుళ్ళలో సంస్కారం నెలకోసారి, మొదటి ఆదివారం. ప్రతివారం ఇస్తే విలువ తగ్గుతుందని భయం. కానీ 1530లో ఔగ్స్‌బర్గ్ ఒప్పుకోలు అనే విశ్వాస ప్రకటన చేసిన మన లూథరన్ పూర్వీకులు, మరుసటి ఏడాది దాని సమర్థనలో, మా దగ్గర ప్రతి ప్రభువు దినాన బల్ల జరుగుతుంది, కోరినవాళ్ళకి ఇస్తాం అని రాసుకున్నారు. వాళ్ళకి విలువ తగ్గలేదు. మిగతా ఏడాది సంగతి తర్వాత, కనీసం ఈ ఆరు ఆదివారాలు ఇవ్వమంటున్నాను. పల్లెల్లో ఇది కష్టమని నాకు తెలుసు. ఒక్క పాస్టరుగారి కింద చాలా ఊళ్ళుంటాయి, మిగతా చోట్ల ఉపదేశిగారే ఆరాధన నడుపుతారు, సంస్కారం ఇచ్చే అధికారం ఆయనకి లేదు. అక్కడ ప్రేమ విందు పెట్టొచ్చు. దానికి ఎవరి అభిషేకమూ అక్కర్లేదు. ఒక డేగిసా అన్నం, పప్పుచారు, ఒక కూర. నీచు వండాలా వద్దా అన్నది ఆయా సంఘాల ఇష్టం. ఒకే వరుసలో కూర్చుని తినడం ముఖ్యం.

ఈ వరుస మాట తేలిక కాదు. కొరింథులో ఉన్నవాళ్ళు ముందొచ్చి తినేశారు, పని ముగించుకుని వచ్చినవాళ్ళకి ఏమీ మిగల్లేదు. లేనివాళ్ళని సిగ్గుపరుస్తారా అని పౌలు మండిపడి, ఒకరికోసం ఒకరు ఆగండి అన్నాడు. మన దగ్గర ఆగడం అంటే ఆరాధన వేళ మార్చుకోవడం. పొద్దున తొమ్మిదిన్నరకే మొదలవ్వాలని ఏ వాక్యంలోనూ లేదు. కోతల సీజన్లో పల్లె గుళ్ళలో రాత్రి ఆరాధనలు పెట్టుకోవడం మనకి కొత్తేమీ కాదు. టౌన్లో కూడా ఈ ఆరు వారాలు సాయంత్రం ఏడింటికి ఇంకో ఆరాధన పెట్టి, విందు కూడా అప్పుడే పెడితే, యార్డు నుంచి, గోడౌన్ల నుంచి వచ్చినవాళ్ళు స్నానం చేసుకుని రాగలరు.

డబ్బెక్కడిది అని అడుగుతారు. భస్మ బుధవారం నాడు మనమే పంచుతున్న లెంట్ కవర్లున్నాయి కదా. ఇంటింటా మిగుల్చుకున్న భోజనం ఖర్చు అందులో వేస్తున్నాం. ఆ డబ్బు ఈస్టర్ దాకా ఆగి తర్వాత గోడ సున్నానికో, మైకు సెట్టుకో పోవాల్సిన పనిలేదు. దాదాపు 155వ సంవత్సరంలో రోములో యుస్తీను అనే విశ్వాసి తమ ఆదివారం ఎలా జరుగుతుందో చక్రవర్తికి రాసిన విన్నపంలో చెప్పాడు: వాక్యాలు చదువుతాం, ప్రసంగం వింటాం, లేచి ప్రార్థిస్తాం, రొట్టె పంచుకుంటాం, ఉన్నవాళ్ళు ఇచ్చింది పెద్ద దగ్గర ఉంచితే ఆయన అనాథలకి, విధవలకి, జబ్బుపడినవాళ్ళకి, ఖైదులో ఉన్నవాళ్ళకి, మన మధ్య ఉంటున్న పరదేశులకి చూస్తాడు. పరదేశులంటే ఈ మార్చిలో మనకి కోసిగి నుంచి వచ్చి పట్టా గుడారంలో ఉన్నవాళ్ళు. ఏ ఆదివారం పోగైన కవర్లు ఆ ఆదివారమే విప్పి, వంటకి పోగా మిగిలింది వాళ్ళ పిల్లల పాలకి, దగ్గు మందులకి ఇవ్వొచ్చు. లెక్క నోటీసు బోర్డు మీద పెట్టొచ్చు.

మా సంఘ కమిటీ ముందు ఈ మూడూ రాసిపెడుతున్నాను: ఆరు ఆదివారాలు బల్ల, సాయంత్రం ఆరాధనతో పాటు ప్రేమ విందు, పొలాలున్న విశ్వాసులు ఆ పూట కూలితో సహా సెలవివ్వాలన్న ప్రకటన. మొదటి రెండూ ఒప్పుకుంటారనే అనుకుంటున్నాను. మూడోదాని దగ్గర గొడవవుతుంది. అయినా దాన్ని తీసేయమంటే తీసేయను, ఎందుకంటే కూలీ రాలేని విందుకి కూలీ పేరు చెప్పి పిలవడం సరి కాదు. వంటకి మనుషులు కావాలి. లేచి నిలబడినవాళ్ళు చాలామంది ఉన్నారుగా, వాళ్ళనే మొదట అడుగుతాను.